కళ్లజోడుకు తగిలించే వేడి కన్ను: కొనేముందు నాలుగు మాటలు

ఈ వారం డబ్బాలో రెండు ఉత్తరాలు పక్కపక్కనే పడ్డాయి. డబ్బా అంటే ఈమెయిలే లెండి. రెండూ అమెరికా నుంచే. రెండూ ఒకే వస్తువు గురించి. కానీ ఒకాయనకి చెప్పే జవాబు ఇంకొకాయనకి చెబితే కొంపలంటుకుంటాయి. అందుకే రెండింటికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

మొదటిది కొలరాడో నుంచి. "సార్, పదిహేనేళ్లుగా ఇక్కడే ఉన్నాను, పౌరసత్వం కూడా వచ్చింది. కొండల్లో తప్పిపోయినవాళ్లను వెతికే వాలంటీర్ల బృందంలో రెండేళ్ల నుంచి తిరుగుతున్నాను. హెల్మెట్‌కి పెట్టుకునే పీవీఎస్-14 నైట్ విజన్ నా దగ్గరుంది. దాని ముందు తగిలించుకునే థర్మల్ క్లిప్ కొందామనుకుంటున్నా. వేల డాలర్ల వ్యవహారం. ఏం చూసి కొనాలి? మా ఆవిడ మాత్రం 'మళ్లీ ఇంకో ఆటబొమ్మా?' అంటోంది."

రెండోది డాలస్ నుంచి. "సార్, మాది అనంతపురం జిల్లా. నేను హెచ్-1బీ మీద ఉన్నాను. మా నాయన బోరు కింద శెనక్కాయ వేసినాడు. రాత్రిళ్లు అడవి పందుల కోసం మంచె మీద కావలి పడుకుంటాడు. అరవై రెండేళ్ల మనిషి. ఇక్కడ నా కొలీగ్ ఒకాయన రాత్రిపూట పందుల వేటకి పోతాడు. ఆయన గాగుల్స్‌కి ఒక చిన్న క్లిప్ తగిలిస్తే చీకట్లో పంది నిప్పుకణంలా మెరుస్తా ఉంది, వీడియో చూపించినాడు. సంక్రాంతికి వస్తూ అలాంటిది ఒకటి సూట్‌కేసులో పెట్టుకుని వద్దామని ఉంది. ఏది మంచిది?"

డాలస్ తమ్ముడికి ముందే ఒక్క మాట: కొనకండి, సూట్‌కేసు జోలికి అసలే పోకండి. ఎందుకో కిందకి వచ్చాక చెబుతాను. ముందు వస్తువేమిటో చూద్దాం.

రెండు కళ్లు, రెండు చూపులు

నైట్ విజన్, థర్మల్ రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. సినిమాల్లో రెండిటినీ కలిపేసి చూపిస్తారు కాబట్టి తప్పు మనది కాదు.

నైట్ విజన్ గాగుల్ వెలుతురునే చూస్తుంది. వెన్నెల, చుక్కల కాంతి, ఆకాశం సొంతంగా ఇచ్చే మసక వెలుగు, ఇలా దొరికిన కాసింత వెలుతురు ముందు కటకంలోంచి లోపలికి పోతుంది. అక్కడ ఫొటోక్యాథోడ్ అనే పొర ఆ కాంతిని ఎలక్ట్రాన్లుగా మారుస్తుంది. ఆ ఎలక్ట్రాన్లు మైక్రోఛానెల్ ప్లేట్ అనే జల్లెడ లాంటి బిళ్ల గుండా పోతూ వేల రెట్లు పెరుగుతాయి. చివర ఫాస్ఫర్ తెర మీద పడి ఆకుపచ్చగానో తెల్లగానో బొమ్మ కడతాయి. దీన్ని వాడుకలో 'ట్యూబు' అంటారు. మూడో తరం ట్యూబుల్లో ఆ మొదటి పొర గాలియం ఆర్సెనైడ్‌తో చేస్తారు. ఒక్క మాటలో, ఉన్న వెలుతురుని పెంచి చూపించడమే దీని పని. వెలుతురు సున్నా అయితే ఇదీ సున్నాయే.

థర్మల్ ఇమేజర్‌కి వెలుతురుతో పనే లేదు. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి కంటికి కనిపించని పరారుణ కిరణాలు వెదజల్లుతూనే ఉంటుంది. 1800లో విలియం హెర్షెల్ గాజు పట్టకంతో ఎండని రంగులుగా విడదీసి, ఎరుపు దాటాక ఏ రంగూ కనపడని చోట థర్మామీటర్ పెడితే పాదరసం పైకెక్కింది. కథ అక్కడ మొదలైంది. మనుషులు, జంతువులు వెదజల్లే కిరణాల్లో 8 నుంచి 14 మైక్రాన్ల పొడవున్నవాటిని ఈ పరికరం పట్టుకుంటుంది. లోపల మైక్రోబోలోమీటర్ అనే సెన్సర్‌లో వేల కొద్దీ బుల్లి గడులుంటాయి. కిరణం పడ్డ గడి వెంట్రుకవాసి వేడెక్కుతుంది, దాని విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ తేడానే బొమ్మ అవుతుంది.

మామూలు గాజు ఈ కిరణాలని పోనివ్వదు. అందుకే థర్మల్ కటకాలు జర్మేనియం అనే లోహం లాంటి పదార్థంతో చేస్తారు. ఖరీదు అక్కడే మొదలవుతుంది. 2023 ఆగస్టు నుంచి చైనా జర్మేనియం ఎగుమతికి లైసెన్సు పెట్టాక ఆ ఖరీదు ఇంకా ఎక్కింది. గాజు సంగతి వెతికేవాళ్లు ఇంకో కారణానికి కూడా గుర్తుపెట్టుకోవాలి. అద్దాలెత్తిన కారులో మనిషి ఉన్నా థర్మల్‌కి కనపడడు. కారు అద్దమే కనపడుతుంది.

క్లిప్ చేసే పని

పీవీఎస్-14 లాంటి గాగుల్ ముందు కటకం అంచుకి తగిలించే చిన్న థర్మల్ కెమెరానే ఈ క్లిప్. తన సెన్సర్‌తో వేడి బొమ్మ తీసి, బుల్లి తెర మీద వేసి, దాన్ని గాగుల్ కటకంలోకి ప్రసరింపజేస్తుంది. గాగుల్‌కి బయటి వెలుతురూ, ఈ వేడి బొమ్మా రెండూ ఒకే దారిలో వస్తాయి. కంటికి మామూలు రాత్రి దృశ్యం మీద వేడిగా ఉన్నవి మెరుస్తూ కనపడతాయి.

ఈ రకంలో పేరుమోసినది ఆప్టిక్స్-1 అనే కంపెనీ తయారుచేసిన 'క్లిప్ ఆన్ థర్మల్ ఇమేజర్'. దాని ఇంగ్లీషు అక్షరాలు కలిపి అక్కడివాళ్లు 'కోటీ' అంటారు. మన హైదరాబాద్ కోఠికీ దానికీ చుట్టరికం లేదు. చైనా కంపెనీ ఇన్ఫిరే 'జెర్రీ-సి' అని ఇంకోటి అమ్ముతుంది. అది కూడా మన జెర్రి కాదు.

అమెరికా సైన్యం ఒక అడుగు ముందుకేసి రెండు చూపులనీ ఒకే పరికరంలో కలిపేసుకుంది. 2019 నుంచి వాళ్ల దళాలకి అందుతున్న ఈఎన్‌వీజీ-బీ గాగుల్ అలాంటిదే. చేతిలో ఇప్పటికే మంచి గాగుల్ ఉన్నవాళ్లకి మాత్రం క్లిప్పే దగ్గరి దారి.

కొలరాడో వారికి: ముందు ఒక ప్రశ్న

కొనేముందు మిమ్మల్ని మీరు అడగాల్సింది "ఏ మోడల్?" అని కాదు. "నేను నడుస్తూ చూడాలా, నిలబడి చూడాలా?"

ఒక గట్టు మీద నిలబడి లోయంతా కలియజూడటమే మీ పని అయితే, చేత్తో పట్టుకునే థర్మల్ మోనోక్యులర్ మేలు. అదే డబ్బుకి పెద్ద కటకం, జూమ్, ఎక్కువ దూరం వస్తాయి. క్లిప్‌కి జూమ్ ఉండదు. అది గాగుల్‌తో పాటు ఒకటికి ఒకటిగా చూడాలి కాబట్టి ఉండడానికి వీల్లేదు కూడా.

చీకట్లో రాళ్ల మీద, మంచు మీద అడుగులేస్తూ, చేతుల్లో కర్రో తాడో పట్టుకుని వెతకాలంటే క్లిప్ సుఖం తెలుస్తుంది. కాలి కింద బాట గాగుల్ చూపిస్తుంది, పొద పక్కన ముడుచుకుని కూర్చున్న మనిషిని క్లిప్ చూపిస్తుంది. చేతులు ఖాళీగా ఉంటాయి. అక్కడ ఒక్క థర్మల్‌తోనే నడిస్తే గుంత ఏదో, నీడ ఏదో తేల్చుకోవడం కష్టం. రాయి, మట్టి ఒకే వేడిలో ఉంటే ఒకే రంగులో కనపడతాయి మరి.

మీ పని రెండోదే అనుకుని ముందుకి పోదాం.

ఒకటి: చుక్కల లెక్క

అమ్మేవాళ్లు "రెండు కిలోమీటర్ల దాకా కనపడుతుంది" అంటారు. ఏం కనపడుతుందో చెప్పరు. మనమే లెక్క కడదాం, ఎనిమిదో తరగతి లెక్కే.

క్లిప్ 20 డిగ్రీల వెడల్పు చూస్తుందనుకోండి, సెన్సర్‌లో అడ్డంగా 320 చుక్కలున్నాయనుకోండి. ఒక్కో చుక్క వాటాకి డిగ్రీలో పదహారో వంతు వస్తుంది. వంద మీటర్ల దూరంలో అది దాదాపు 11 సెంటీమీటర్లు. 200 మీటర్లలో 22. 400 మీటర్లలో 44.

మనిషి వెడల్పు సుమారు అర మీటరు. అంటే 200 మీటర్ల దగ్గర మనిషి అడ్డంగా రెండు చుక్కలు, 400 దగ్గర ఒక్కటే చుక్క.

జాన్ జాన్సన్ అనే అమెరికన్ 1958లో దీనికి ఒక కొలబద్ద ఇచ్చాడు. ఇప్పటికీ ఈ రంగంలో అందరూ దాన్నే పట్టుకుంటారు. వస్తువు చిన్న వైపున రెండు చుక్కలు పడితే "అక్కడేదో ఉంది" అని తెలుస్తుంది. ఎనిమిది పడితే "అది మనిషా, జంతువా" తెలుస్తుంది. సుమారు పదమూడు పడితే ఇంకా కచ్చితంగా "ఫలానా" అని పోల్చుకోవచ్చు. అదీ సగం సార్లే, ప్రతిసారీ కాదు.

ఈ లెక్కన మన క్లిప్‌తో నిలబడ్డ మనిషి ఉనికి 200 మీటర్లకి కాస్త పైన అందుతుంది. మనిషే అని తేలాలంటే 60 మీటర్ల లోపలికి రావాలి. 640 చుక్కల సెన్సర్ అదే 20 డిగ్రీలు చూస్తే ఈ దూరాలన్నీ రెట్టింపవుతాయి. అదే 640 చుక్కల్ని 40 డిగ్రీలకి పరిచేస్తే దూరం పెరగదు, చూపు వెడల్పవుతుంది. అందుకని "640" అన్న అంకె చూసి డబ్బు కట్టేయకండి. చుక్కల్ని డిగ్రీలతో భాగించి చూడండి.

రెండు: కిటికీ ఎంత?

మీ పీవీఎస్-14 చూసే వెడల్పు 40 డిగ్రీలు. క్లిప్ 20 డిగ్రీలదైతే దృశ్యం నడిమధ్యన, నాలుగో వంతు జాగాలోనే వేడి కనపడుతుంది. మిగిలిన ముప్పాతిక భాగంలో మనిషి ఉన్నా మెరవడు. ఇది తెలియక "క్లిప్ పెట్టుకున్నా కదా" అని తల నిటారుగా పెట్టి నడిచేవాళ్లు పక్కనున్నవాణ్ని దాటిపోతారు. క్లిప్ ఉన్నప్పుడు తలని నిదానంగా, చేను దున్నినట్టు సాలు వెంట సాలు తిప్పుతూ పోవాలి.

మూడు: సెకనుకి ఎన్ని బొమ్మలు?

తల తిప్పుతున్నామంటే బొమ్మ ఎంత వేగంగా మారుతుందో చూసుకోవాలి. సెకనుకి 9 బొమ్మలిచ్చేవి ఉన్నాయి, 30, 50, 60 ఇచ్చేవి ఉన్నాయి. ఎగుమతి నిబంధనల్లో 9కి లోపు ఉన్నవాటికి పట్టు సడలిస్తారు కాబట్టి ఆ అంకె తరచూ తగులుతుంది.

సెకనుకి 60 డిగ్రీల చొప్పున తల తిప్పారనుకోండి. 9 బొమ్మల యంత్రంలో ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య దాదాపు 7 డిగ్రీలు జారిపోతుంది. మనిషి ఒకచోట, మెరుపు ఇంకోచోట. కాసేపటికి కళ్లు తిరుగుతాయి. నిలబడి చూసేవాళ్లకి 9 సరిపోతుంది. తలకి పెట్టుకుని నడిచేవాళ్లు 30కి తగ్గకండి.

మధ్యమధ్యలో 'టక్' మని చప్పుడై బొమ్మ క్షణం ఆగుతుంది. భయపడకండి. సెన్సర్ తనని తాను సరిచేసుకుంటోందన్నమాట. అది ఎంతసేపటికి ఒకసారి వస్తుందో, మీ చేత్తో ఆపి ఉంచే వీలుందో లేదో అడగండి.

నాలుగు: ఒకే రంగు తంటా

చాలామందికి కొన్నాకగానీ తెలియని సంగతిది. ఫొటోల్లో థర్మల్ అంటే ఎరుపు, పసుపు కనపడతాయి. క్లిప్ బొమ్మ మాత్రం గాగుల్ ట్యూబు గుండానే కంటికి చేరాలి. ట్యూబుకి తెలిసింది ఒకే రంగు. ఆకుపచ్చ ట్యూబైతే వేడి కూడా ఆకుపచ్చే, తెల్ల ట్యూబైతే తెలుపే. దూరంగా ఉన్న దీపమూ మెరుస్తుంది, మనిషీ మెరుస్తాడు. ఏది ఏదో?

అందుకే మోడ్‌లు చూసుకోవాలి. దృశ్యమంతా వేడి బొమ్మతో కప్పేసే మోడ్ ఒకటి, బాగా వేడిగా ఉన్నవాటినే మెరిపించే మోడ్ ఒకటి, అంచు గీత మాత్రమే గీసే మోడ్ ఒకటి. నడిచేటప్పుడు రెండోది, మూడోది పనికొస్తాయి. మొదటిది పెట్టుకుని నడిస్తే గాగుల్ చూపించే బాట మరుగున పడుతుంది. వెలుగుని తగ్గించే మీట చేతి తొడుగుతో కూడా దొరికేలా ఉండాలి.

ఐదు: దగ్గర చూపు

క్లిప్ తన బొమ్మని దూరపు చూపుకి సరిపోయేలా పంపుతుంది. గాగుల్ ఫోకస్ దూరానికి పెట్టి ఉంటేనే అది స్పష్టంగా ఉంటుంది. మ్యాప్ చూద్దామనో, తాడు ముడి చూద్దామనో ఫోకస్ దగ్గరికి తిప్పితే వేడి బొమ్మ అలుక్కుపోతుంది.

ఇంకొకటి. క్లిప్ కన్ను, గాగుల్ కన్ను ఒకేచోట ఉండవు, మూడు నాలుగు సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. దూరానికి సరిచేసుకున్న క్లిప్‌లో వంద మీటర్ల అవతలి మనిషి దగ్గర ఆ తేడా లెక్కలోకి రాదు. చేతి దూరంలో మాత్రం మెరుపు ఒకవైపు, చెయ్యి ఒకవైపు ఉంటాయి. గాయపడ్డ మనిషి దగ్గరికి చేరాక క్లిప్ ఆపేసి మామూలు లైటు వేసుకోవడమే పద్ధతి.

ఆరు: బరువు, బిగింపు, బ్యాటరీ

వంద, నూట యాభై గ్రాములు చేతిలో ఉంటే ఏం లేదు. నుదుటి ముందు, గాగుల్ కొసన వేలాడితే అది మెడకి బరువు. బిందె నెత్తి మీద మోయడానికీ, చెయ్యి చాపి పట్టుకోవడానికీ ఉన్న తేడానే. హెల్మెట్ వెనకాల సమానమైన బరువు కట్టుకోవాలి. అది కూడా బడ్జెట్‌లో వేసుకోండి, మెడ లెక్కలోనూ వేసుకోండి.

బిగింపు సంగతి: పీవీఎస్-14కి సరిపోయింది రెండు కళ్ల గాగుల్‌కి సరిపోవాలని లేదు. మీ గాగుల్ మోడల్ పేరు చెప్పి, దానికి తగిన రింగు పెట్టెలో వస్తుందో, విడిగా కొనాలో కనుక్కోండి. కింద పడకుండా సన్న తాడు కట్టే రంధ్రం ఉండాలి.

బ్యాటరీ చాలా క్లిప్‌లలో కొన్ని గంటలే. చలిలో ఇంకా తగ్గుతుంది. రాత్రంతా వెతికే పనికి జేబులో, ఒంటి వెచ్చదనానికి దగ్గరగా, అదనపు సెల్లులు ఉండాల్సిందే. పగలు రెండిటికీ మూత పెట్టండి. ఎండ ట్యూబుకీ పడదు, సూర్యుడి వైపు తిరిగిన థర్మల్ సెన్సర్‌కీ పడదు.

వేడి కన్ను కూడా మోసపోతుంది

ఇది మీకు అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే మీరు వెతికేది మనిషిని.

మంచి దూది జాకెట్ వేసుకున్నవాడి ఒంటి వేడి బయటికి రాదు. అందుకే కదా జాకెట్ వేసుకునేది! మొహం, చేతులు మాత్రమే మెరుస్తాయి. మొహం మోకాళ్లలో పెట్టుకుని కూర్చుంటే అదీ లేదు. వెండి కాగితం లాంటి అత్యవసర దుప్పటి కప్పుకున్నవాడు ఇంకా కష్టం. అది చల్లటి ఆకాశాన్ని అద్దంలా చూపిస్తుంది. థర్మల్‌లో నల్లటి మచ్చలా ఉంటాడు. కాబట్టి మెరుపునే కాకుండా, చుట్టూ ఉన్నదానికన్నా చల్లగా కనపడే వింత ఆకారాన్ని కూడా వదలొద్దు.

ఆకుల గుబురు వేడిని ఆపేస్తుంది. చిక్కటి పొగమంచు, వాన రెండూ చూపు తగ్గిస్తాయి. వాన కడిగేశాక అన్నీ ఒకే వేడికి దిగి బొమ్మ చప్పగా అవుతుంది. రోజంతా ఎండకి కాగిన బండలు పొద్దు గూకాక కూడా మనిషంత వేడిగా ఉంటాయి. ఆ వేళ ప్రతి బండా మనిషే.

అలాంటప్పుడు కాపాడేది మీ పాత గాగులే. తప్పిపోయినవాడి ఫోను తెర వెలుగు, చిన్న లైటరు మంట ట్యూబులో చాలా దూరం నుంచి కొట్టొచ్చినట్టు కనపడతాయి. ఆ ఫోను తెర కాంతి థర్మల్‌కి కనపడదు. రెండు కళ్లూ ఎందుకు కావాలో అర్థమైంది కదా. ఒక కన్ను గుడ్డిదైన చోట రెండోది చూస్తుంది.

మీ ఆవిడకి ఇలా చెప్పండి: ఆటబొమ్మ అవునో కాదో మీ బృందం తేల్చాలి. బృందానికి ఇప్పటికే చేతి థర్మల్ ఉంటే, ముందు దాంతో నాలుగు రాత్రులు తిరగండి. "చేతులు ఖాళీగా ఉండుంటే బాగుండేది" అని ఎన్నిసార్లు అనిపించిందో లెక్కపెట్టండి. తర్వాత ఎవరి దగ్గరైనా అరువు తెచ్చి మీ హెల్మెట్ మీద, మీ గాగుల్‌తో, గంటసేపు నడిచి చూసి కొనండి. దుకాణం బల్ల దగ్గర అయిదు నిమిషాలు చూసి కొన్నది అటకెక్కుతుంది.

ఇక డాలస్ తమ్ముడికి

నాయన మీద నీ ప్రేమ అర్థమైంది. అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను, ఏమనుకోకు.

అమెరికాలో తయారైన మూడో తరం నైట్ విజన్ వాళ్ల దృష్టిలో ఆయుధ సామగ్రి కిందే లెక్క. ఐటార్ అనే ఆయుధ ఎగుమతి నిబంధనల కిందికి వస్తుంది. థర్మల్ క్లిప్‌లు కూడా రకాన్ని బట్టి ఈ నిబంధనల కిందో, వాణిజ్య శాఖ ఎగుమతి నిబంధనల కిందో ఉంటాయి. ఆ చట్టం భాషలో పౌరులూ, గ్రీన్‌కార్డు వాళ్లూ 'యూఎస్ పర్సన్'. హెచ్-1బీ మీద ఉన్నవాడు, ఎన్నేళ్లు పన్ను కట్టినా, విదేశీయుడే. అందుకే దుకాణాల వాళ్లు కొనేవాడి దగ్గర సంతకం తీసుకుంటారు. ఆ కాగితం మీద అబద్ధం పెడితే అదొక తప్పు. లైసెన్సు లేకుండా దేశం దాటిస్తే అది ఇంకా పెద్ద తప్పు.

"పౌరసత్వం ఉన్న ఫ్రెండు కొనిస్తాడు" అనుకుంటావేమో. పౌరుడైనా సరే, లైసెన్సు లేకుండా బయటి దేశానికి పట్టుకుపోకూడదు. బహుమతి అయినా, నాయనకే అయినా, చట్టానికి సూట్‌కేసు సూట్‌కేసే. తెలిసి చేశాడని రుజువైతే ఒక్కో ఉల్లంఘనకి 20 ఏళ్ల దాకా జైలు, 10 లక్షల డాలర్ల దాకా జరిమానా. 2007లో ఐటీటీ అనే పెద్ద కంపెనీయే నైట్ విజన్ సాంకేతిక సమాచారాన్ని అనుమతి లేకుండా బయటి దేశాలకి పంపినందుకు తప్పు ఒప్పుకుని 10 కోట్ల డాలర్లు కట్టింది. అంత కంపెనీని వదలనివాళ్లు ఎయిర్‌పోర్టులో నిన్ను వదులుతారా? నీ వీసా, నీ ఉద్యోగం, నాయన కోసం నువ్వు నెలనెలా పంపే డబ్బు, అన్నీ ఒక్క పెట్టెలో పెట్టి పణం కాసినట్టే.

రెండో మాట. చట్టం ఒప్పుకున్నా ఆ వస్తువు నాయనకి పనికిరాదు. క్లిప్ ఒక్కటే పనిచేయదు, దాని వెనక ఖరీదైన గాగుల్ ఉండాలి, దానికి హెల్మెట్ ఉండాలి. నాయన మంచె మీద కూర్చుని చూస్తాడు, చీకట్లో నడవడు. పైన కొలరాడో వారికి చెప్పిన ప్రశ్నే గుర్తు చేసుకో: నిలబడి చూసేవాడికి చేతి మోనోక్యులర్ చాలు. సెకనుకి 9 బొమ్మలిచ్చేదైనా చాలు. పంది ఎత్తు 70 సెంటీమీటర్లు అనుకున్నా, పైన లెక్కపెట్టిన లాంటి సెన్సర్‌తో మూడు వందల మీటర్ల దాకా "ఏదో ఉంది" అని తెలుస్తుంది, పందో కుక్కో తేలాలంటే 80 మీటర్ల లోపలికి రావాలి. అంతకన్నా దూరంలో మెరిసేది పక్క చేను రైతు కూడా కావచ్చు. ఇది మాత్రం నాయనకి తప్పకుండా చెప్పు: చీకట్లో మెరిసిందల్లా పంది కాదు. కనపడటం వేరు, కొట్టడం వేరు. వేటకి 1972 వన్యప్రాణి చట్టం అడ్డుంది. ఆ మోనోక్యులర్ అయినా కొనేముందు, ఇండియాలో బిల్లుతో అమ్మేవాళ్ల దగ్గర వెతుకు. బయటి నుంచి తెప్పించాలనుకుంటే ముందు కస్టమ్స్ వాళ్లని అడిగి, రాతలో జవాబు తీసుకో.

మూడో మాట, నా మనసులోది. నాయన కష్టం పంది కనపడకపోవడం కాదు తమ్ముడూ. అరవై దాటిన వయసులో రాత్రంతా మేలుకోవడం, ఒంటరిగా పాములూ పందుల మధ్య దిగి అదిలించడం. కన్ను ఎంత పెద్దదైనా నిద్ర తీర్చదు. ఆ డబ్బుతో చేను చుట్టూ సోలార్ కంచె వేయించు. అది క్షణమాత్రం కొట్టి వదిలే చిన్న చిన్న దెబ్బలతో జంతువుని బెదరగొడుతుంది, చంపదు. కరెంటు స్తంభం నుంచి నేరుగా తీగ లాగి పెట్టే కంచెలు ఉన్నాయే, వాటి జోలికి మాత్రం పోనివ్వకు. ఆ తీగలు పందుల్నే కాదు, నీళ్లు కట్టడానికి తెల్లారుజామున పోయిన మనుషుల్ని కూడా తీసుకుపోయాయి. ఆ వార్త మన జిల్లా పేజీల్లో ఏటా చదువుతూనే ఉన్నాం.

యంత్రాన్నే కావలి పెట్టాలనుకుంటే దానికీ దారులున్నాయి. తమిళనాడు అటవీ శాఖ 2024లో కోయంబత్తూరు దగ్గర మదుక్కరై అడవిలో రైలు పట్టాల వెంట స్తంభాలకి థర్మల్, మామూలు కెమెరాలు బిగించింది. ఏనుగు పట్టాల వైపు వస్తే కంప్యూటరే గుర్తుపట్టి రైల్వే వాళ్లకి కబురు పెడుతుంది. ఒక్క రైతు అంత పెట్టలేడు, నిజమే. పది మంది చేలు కలిసి ఒక కంచె, ఒక కెమెరా, వంతుల కావలి పెట్టుకుంటే ఎవరి నాయనా ప్రతి రాత్రీ మంచె ఎక్కక్కర్లేదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు గాగుల్ తీసుకెళ్లే బదులు ఆ పది మందినీ ఒకచోట కూర్చోబెట్టే పని పెట్టుకో. నాలుగు రాత్రులు నాయన బదులు నువ్వు మంచె ఎక్కు. ఏం కావాలో వెబ్‌సైట్ల కన్నా ఆ మంచె బాగా చెబుతుంది.

కొలరాడో వారూ, మీకు ఒక విన్నపం. ఆ క్లిప్‌తో మొదటి మనిషి దొరికిన రోజున ఈ డబ్బాలో ఒక ఉత్తరం పడేయండి. పేరు వేయను, ఊరు వేయను. కబురు మాత్రం అందరికీ చెబుతాను.

వచ్చే వారం: ఇన్వర్టర్ బ్యాటరీ నీళ్లు ఎన్నాళ్లకోసారి చూడాలి? ఈ ప్రశ్నతో పదకొండు ఉత్తరాలు వచ్చాయి, ఇక తప్పదు.